పాత బెల్జియం రివాల్వర్: .32 షార్టా, లాంగా?

తాతయ్య రివాల్వర్ లైసెన్స్ గుంటూరులో నా పేరు మీదకు మారింది. అసలు చిక్కు తూటాల దగ్గర వచ్చింది.

పిడి దగ్గర నుంచి కిందికి విరిచినట్టు తెరుచుకుంటుంది, అయిదు గదుల సిలిండర్, నికెల్ పూత సగం పోయింది. కంపెనీ పేరు ఎక్కడా లేదు. సిలిండర్ మీద మాత్రం కోడిగుడ్డు ఆకారంలో గీత, అందులో ఇ.ఎల్.జి. అక్షరాలు, పైన చిన్న కిరీటం. అది బెల్జియంలోని లియేజ్ పరీక్ష ముద్ర. కిరీటం 1893 నుంచి వేస్తున్నారు కాబట్టి అంతకు ముందుది కాదు. పొగలేని తుపాకి మందుకు వేసే పి.వి. ముద్ర, భూతద్దం పెట్టి రెండు సార్లు వెతికినా కనబడలేదు.

లైసెన్స్‌లో ".32" అని ఉంది, అంతే. కానీ 1878 నాటి .32 షార్ట్ (పొట్టి తూటా) వేరు, 1896లో వచ్చిన .32 లాంగ్ (పొడుగు తూటా) వేరు. విజయవాడలో ఒక షాపాయన "లాంగే దొరుకుద్ది, పట్టుద్ది, తీసుకెళ్లండి" అన్నారు. కాల్చేసిన ఖాళీ లాంగ్ గుల్ల పెట్టి చూశాను, నిజంగానే దూరింది! పట్టినంత మాత్రాన దానికోసమే చేసిందని కాదు కదా, అందుకే ధైర్యం రాకపోగా టెన్షన్ పెరిగింది. వెర్నియర్‌తో కొలిస్తే సిలిండర్ పొడవు 33.5 మి.మీ., గది వెనక వ్యాసం 8.6. గది లోపల గుల్ల మూతి ఆగే మెట్టు లాంటిది వేలికి తగల్లేదు. ఇంతవరకు ఒక్క తూటా కూడా కాల్చలేదు.

లోపల మెట్టు లేకుండా, పి.వి. ముద్ర లేకుండా ఉన్న ఇలాంటి రివాల్వర్ షార్ట్ కోసం చేసిందో లాంగ్ కోసం చేసిందో ఏ కొలత చూసి తేల్చాలి?