తమ్ముడు ఉద్యోగం మానేసి హక్కుల పనిలోకి పోతానంటున్నాడు, నల్గొండలో ఇది నడుస్తుందా?

నల్గొండ_అక్క:
మా తమ్ముడు గే. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మిర్యాలగూడలో ప్రైవేటు ఉద్యోగం, సెలవు దొరికితే చాలు ట్రాన్స్ వాళ్ల వెంట కలెక్టరేట్‌కో స్టేషన్‌కో తిరుగుతుంటాడు, ఇప్పుడేమో ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే చేస్తానంటున్నాడు. వాడి మనసు నాకు తెలుసు, వద్దనను. కానీ హైదరాబాద్ ప్రైడ్‌లో గుంపులో కలిసి నడవడం వేరు, ఇక్కడ గడియారం సెంటర్లో ప్లకార్డు పట్టుకోవడం వేరు, పాలు పోసే ఆయనకి కూడా మా నాన్న ఎవరో తెలుసు. జిల్లాల్లో ఈ పని చేసేవాళ్ల బతుకు ఎట్లా ఉంటుంది? పైసలు ఎక్కడి నుంచి వస్తాయి? ఉపదేశాలు వద్దు, తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు_పిల్ల:
అక్కా, నేను ట్రాన్స్ మహిళను, మహబూబ్‌నగర్‌లో ఇదే పని. ప్లకార్డు పట్టేది ఎప్పుడో ఒకసారి, మిగతాదంతా కాగితాలే. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంకో పేరు, నేషనల్ పోర్టల్లో దరఖాస్తు పెట్టి కలెక్టర్ సర్టిఫికెట్ వచ్చేదాకా తిరగడం, అది వచ్చాక మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగడం. రాత్రిపూట జడ్చర్ల హైవే మీద మావాళ్లను ఎవరినైనా పోలీసులు పట్టుకుపోతే ఫోన్ నాకే వస్తుంది.

అన్నిటికంటే కష్టమైంది చావు. ఇంట్లోంచి ఎప్పుడో వెళ్లగొట్టినవాళ్లు మార్చురీ దగ్గరికి వచ్చి, జుట్టు కత్తిరించి ప్యాంటు చొక్కా తొడిగి కొడుకుగా తీసుకుపోతామంటారు. సంతకం పెట్టే హక్కు వాళ్లదే. చీరైనా ఉంచండని వాళ్ల అమ్మను బతిమాలుకోవాలి, ఆమె కూడా ఏడుస్తూనే ఉంటుంది, ఎవరి మీద అరుస్తాం చెప్పండి.

పైసలంటారా, చాలామందికి హెచ్‌ఐవీ ప్రాజెక్టుల్లో అవుట్‌రీచ్ (మావాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పే పని) జీతమే ఆధారం, అదీ నెలనెలా వస్తుందని నమ్మకం లేదు. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగగానే హైదరాబాద్‌లో ట్రాన్స్ వాళ్ల కోసం పెట్టిన మిత్ర్ క్లినిక్ మూతపడింది, రాజధానిలోనే అట్లా ఉంటే మన జిల్లాల సంగతి చెప్పేదేముంది. ఇంకోటి, మీ తమ్ముడు జమాత్ (గురువు కింద కలిసుండే మా హిజ్రాల కూటమి) మనిషి కాదు కాబట్టి గురువులు మొదట్లో నమ్మరు, నువ్వెవరు మా మధ్యకి అంటారు. కొన్నాళ్లు తిట్లు పడాలి.

కోర్టు_మెట్లు:
వకీలును కాబట్టి నా గోల ఇది. నిజాం కాలంలో 1919లో ఒక చట్టం వచ్చింది, ట్రాన్స్ వాళ్లు ఆడబట్టల్లో బజారులో కనిపిస్తే వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, పేర్లు రిజిస్టర్లో రాసిపెట్టొచ్చు. 2018లో వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు హైకోర్టుకు పోతే 2023 జులైలో గానీ కొట్టేయలేదు. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్ పోయింది 2018లోనే, అయినా ఇది 2023 దాకా బతికే ఉంది! ఇలాంటి పనికి ఓపికతో పాటు ఇంటద్దె కట్టే జీతం కావాలి. ఉద్యోగం ఉంచుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీర్‌గా (జనానికి చట్టం విషయంలో సాయపడే మనిషిగా) చేరమనండి. ఇచ్చేది పెద్ద మొత్తమేం కాదు, కానీ చేతిలో గుర్తింపు కార్డు ఉంటే స్టేషన్లో కూర్చోమంటారు. 2014లో ట్రాన్స్ వాళ్లను థర్డ్ జెండర్‌గా గుర్తించిన సుప్రీంకోర్టు తీర్పు కూడా జాతీయ న్యాయసేవాధికార సంస్థ వేసిన కేసులోదే.

సూర్యాపేట_బాబాయి:
ఇవన్నీ సరే గానీ ముందు మీ నాన్నకు చెప్పించండి. ఇక్కడ లోకల్ యూట్యూబ్ ఛానళ్లు ఎన్నున్నాయో తెలుసు కదా, ఒక్కడు మైకు పెట్టి మొహం తీశాడంటే సాయంత్రానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. తండ్రి కొడుకు సంగతి అక్కడ చూసి తెలుసుకోవద్దు. ఈ పనిలోకి దిగితే వాడొక్కడే బయటపడడు, ఇల్లంతా బయటపడుతుంది. మీ పెళ్లి కాలేదనుకుంటే మీ సంబంధాల దాకా పోతుంది ఆ మాట.

పాలమూరు_పిల్ల:
బాబాయి చెప్పింది నిజమే, కానీ పెళ్లి సంబంధాల కోసం ఆగితే మాలో ఎవ్వరం బయటికి వచ్చేవాళ్లం కాదు. చెప్పేది చెప్పాలి, పర్మిషన్ మాత్రం అడగొద్దు.

నల్గొండ_అక్క:
నాకు పెళ్లయింది బాబాయీ, ఆ టెన్షన్ లేదు. అత్తగారింట్లో ఏమంటారో అది వేరే కథ. నాన్న సంగతి ఈ వారం వాడితో మాట్లాడతా. పారాలీగల్ సంగతి వాడికి తెలియనే తెలియదు, థ్యాంక్స్ అన్నా. పాలమూరు అక్కా, వాడు మీ దగ్గరికి వచ్చి ఒకరోజు మీ వెంట తిరగొచ్చా?

పాలమూరు_పిల్ల:
రమ్మనండి, ఇన్‌బాక్స్‌లో నంబర్ పెట్టా. సోమవారమే రమ్మనండి, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, పొద్దున్నే లైన్లో నిలబడాలి. టిఫిన్ తినేసి రమ్మనండి, మధ్యలో బయటికి పోతే లైను పోతుంది.