మాగాయ ముక్కలోని నీటిని లాగేసే ఉప్పు, పిల్లవాడి ఒంట్లోకి నీటిని ఎలా చేరుస్తుంది?

మెహిదీపట్నం అమ్మ (ప్రశ్న)

మా అబ్బాయి ఈ ఏడాది తొమ్మిదో తరగతికి వెళ్తాడు. సెలవుల్లోనే జీవశాస్త్రం పుస్తకం తెచ్చుకుని, కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర, అంటే కణత్వచం, నీటిని పోనిస్తుందనీ ఉప్పును పోనివ్వదనీ వల్లె వేస్తున్నాడు. సరిగ్గా అదే వారంలో మా అత్తగారు రైతుబజారు నుంచి పుల్లటి కాయలు తెప్పించి మాగాయ పెట్టారు. ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టిన ముక్కలు మూడో రోజుకు తమ ఊటలో తామే మునిగిపోయాయి. అంతవరకు పుస్తకం చెప్పినట్లే జరిగింది. అయితే వాడు ఒక ముక్క కొరికి చూసి, "లోపలంతా ఉప్పగానే ఉంది కదా, ఉప్పు లోపలికి పోదని పుస్తకంలో ఉందే?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

అంతటితో ఊరుకోలేదు. కిందటి నెల వాడికి విరేచనాలు పట్టుకుంటే డాక్టరు గారు ఓఆర్ఎస్ తాగించమన్నారు. ఉప్పు నీటిని బయటికి లాగేసేదైతే, ఒంట్లో నీరు తగ్గిన మనిషికి ఉప్పు కలిపిన నీళ్లు పట్టడం ఏమిటని వాడి రెండో ప్రశ్న. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత ఉపాధ్యాయిని, ఉప్పల్

మీ అబ్బాయి కొరికిన ముక్కలోనే సమాధానం ఉంది. పుస్తకంలో ఉన్న వాక్యం బతికి ఉన్న కణానికి వర్తిస్తుంది. జాడీలో మూడు రోజులు ఊరిన ముక్కలోని కణాలు బతికి లేవు.

మొదటి గంటల్లో జరిగేది ద్రవాభిసరణే, అంటే గాఢత తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు త్వచం దాటి పోవడం. మామిడి కణం మధ్యలో పుల్లటి రసంతో నిండిన పెద్ద సంచి, రిక్తిక, ఉంటుంది. బయట చేరిన ఉప్పునీటి గాఢత ఆ రసం గాఢత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, నీరు త్వచం దాటి బయటికి వస్తుంది, లోపలి భాగం ముడుచుకుపోయి, త్వచానికి వెలుపల ఉండే గట్టి గోడ అయిన కణకవచం నుంచి విడివడుతుంది. దీనినే ప్లాస్మాలిసిస్ అంటారు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. కణకవచానికి ఎంపిక చేసే గుణం లేదు, ఉప్పునీరు దానిగుండా సులువుగా వచ్చి, కవచానికీ త్వచానికీ నడుమ ఏర్పడిన ఖాళీలో నిండుతుంది. అంటే త్వచం ఇంకా గట్టిగా ఉన్నప్పుడే ముక్క లోపలి దాకా ఉప్పు నడిచి వచ్చేసింది, కణాల లోపలికి మాత్రం పోలేదు.

తరువాత, అంతటి ఉప్పులో నిలవలేక కణాలు చనిపోతాయి, త్వచం తన విచక్షణను కోల్పోతుంది. అప్పటినుంచి ఉప్పు, పులుపు, రంగు, అన్నీ గాఢత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వ్యాపనం చెందుతాయి. ఊట పుల్లగా ఉండటానికి కారణం ఇదే. త్వచాలు చెక్కుచెదరకుండా ఉంటే ఊటగా వచ్చేది దాదాపు వట్టి ఉప్పునీరే అయ్యేది, మీ అత్తగారు దాన్ని మాగాయలో కలిపేవారు కాదు.

దీన్ని మీ అబ్బాయి స్వయంగా పరీక్షించుకోవచ్చు. బీట్‌రూట్ ముక్కలు కోసి, కోతలో చిట్లిన కణాల రంగు పోయేదాకా బాగా కడిగి, సగం చన్నీళ్లలోనూ సగం మరుగుతున్న నీళ్లలోనూ వేయమనండి.

డ్యూటీ డాక్టర్

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. ఓఆర్ఎస్‌లో ముఖ్యమైనది ఉప్పొక్కటే కాదు, ఉప్పూ గ్లూకోజూ జంటగా ఉండటం.

చిన్నపేగు లోపలి గోడలోని కణాల మీద ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. అది రెండు సోడియం అయాన్లతో పాటు ఒక గ్లూకోజ్ అణువును కణంలోకి తీసుకుంటుంది. సోడియం, గ్లూకోజ్ కలిసి ప్రయాణిస్తాయన్న ఈ ఆలోచనను 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. కణం రెండో వైపున, అంటే రక్తం వైపున, సోడియం–పొటాషియం పంపు ఉంటుంది. అది మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తూ, కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగా ఉండేలా చూస్తుంది. అలా పేగులోని సోడియం, గ్లూకోజ్ కణాన్ని దాటి అవతలికి చేరగానే, వాటి వెంటే నీరు వస్తుంది. మాగాయలో పనిచేసిన సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది, కాకపోతే ఉప్పు చేరిన వైపు మారింది.

కలరాలో కూడా ఈ జంట ప్రయాణం చెడిపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వ్యాపించి సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని తాగించే ఎన్నో ప్రాణాలను కాపాడగలిగారు.

అయితే కొలత తప్పితే ఫలితం తిరగబడుతుంది. లీటరు నీటిలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలత. చక్కెర ఇంతకు చాలా రెట్లు ఉన్న పానీయం తాగిస్తే, పేగులో మిగిలిపోయిన చక్కెర శరీరంలోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఇలాంటి తీపి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మడంపై మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తరువాతనే, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. కనుక కొనేటప్పుడు పొట్టం మీది కొలతలు చదవండి.

హబ్సీగూడ పరిశోధక విద్యార్థి

పై రెండు సమాధానాలతో నేను ఏకీభవిస్తున్నాను, ఒక చిన్న చేర్పు మాత్రం ఉంది. "నీటిని పోనిస్తుంది" అన్న మాట కూడా పూర్తిగా సరికాదు. త్వచం ప్రధానంగా కొవ్వు అణువుల జంట పొర కనుక, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వంటివి నేరుగా దాటగలవు గానీ, నీరు ఆ పొరగుండా నెమ్మదిగానే దాటుతుంది. వేగంగా దాటే చోట ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ నాళికలు ఉంటాయి. ఒక్కో నాళికలో సెకనుకు 300 కోట్ల దాకా నీటి అణువులు వరుసగా జారిపోతాయి, అయాన్లు మాత్రం పోలేవు. వీటిని కనుగొన్న పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

డాక్టరు గారు చెప్పిన పంపుకు ఇంధనం ఏటీపీ, కణాలకు శక్తినిచ్చే అణువు. ఆ అణువును 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, వేరువేరుగా కనుగొన్నారు. ఆయన్ను మందుల పరిశోధకుడిగా తలచుకుంటాం గానీ, కణాల గురించిన ఈ అధ్యాయంలోనూ తలచుకోవాలని నాకనిపిస్తుంది.

మెహిదీపట్నం అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. బీట్‌రూట్ పరీక్ష చేశాం. చన్నీళ్ల గిన్నెలో నీరు లేత గులాబీ రంగు దాటలేదు, వేడినీళ్లు ఎర్రగా అయిపోయాయి. వేడికి త్వచాలు పాడయ్యాయని వాడే చెప్పాడు. ఇప్పుడు ఇంకో సందేహం: సోడియానికి పంపు ఉన్నప్పుడు నీటికి కూడా ఏదైనా పంపు ఉందా?

డ్యూటీ డాక్టర్

లేదండి. మన కణాలలో నీటిని నేరుగా తోడే పంపు ఏదీ లేదు. కణం ఉప్పును కదిలిస్తుంది, నీరు దాని వెంట పోతుంది. అందుకే విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శరీరం వాడే శక్తిలో సుమారు ఐదో వంతు ఈ సోడియం పంపులకే ఖర్చవుతుంది. పక్షవాతంలో మెదడులోని ఒక భాగానికి రక్తం ఆగిపోతే, అక్కడ ఏటీపీ అయిపోయి పంపులు నిలిచిపోతాయి, సోడియం కణాల్లో పేరుకుంటుంది, దాని వెంట నీరు చేరి కణాలు ఉబ్బుతాయి. స్కానింగులో మేము మొదటి గంటల్లో వెతికేవాటిలో ఆ వాపు కూడా ఒకటి.