టర్బో రెండోసారి పోయిన పికప్: బాగు చేయించాలా, ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయాలా?

మొగిలి ఘాట్: 2021 బీఎస్-6 డీజిల్ పికప్, 1,40,000 కి.మీ. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) మార్చి ఏడాది కాలేదు, మళ్లీ ఈల, నీలం పొగ. ఆయిల్ మాత్రం తగ్గలేదు. వారానికి రెండుసార్లు తిరుపతి నుంచి పలమనేరుకి కిరాణా, తిరుగులో టమాటా. మిగతా రోజులు టౌన్‌లో డెలివరీలు. ఫైనాన్స్ తీరిపోయింది. ఏది మేలు?

స్పానర్ సామి: నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నట్టు. అయినా ఆయిల్ తగ్గలేదంటే సంతోషించొద్దు సామీ, వేరేదేదో కలుస్తోంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) వాసన చూడండి. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) తనలోని మసి కాల్చుకోడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ కొడుతుంది, దాన్నే రీజెన్ అంటారు. టౌన్‌లో అది సగంలో ఉండగా కీ ఆపేస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడలమీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. పలచబడిన ఆయిల్‌తో టర్బో బేరింగ్ ఎన్నాళ్లు ఆగుతుంది?

బండి చల్లారాక ఎయిర్ ఫిల్టర్ గొట్టం విప్పి టర్బో లోపలి చక్రం పట్టుకోండి. పక్కకి కొంచెం ఆడితే పర్లేదు. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్క గోడకి రాసుకున్నా పోయినట్టే. టర్బోకి వెళ్లే ఆయిల్ పైపు కడగడం కాదు, కొత్తది వెయ్యాలి. లోపల కార్బన్ పేరుకుని ఉంటుంది. గ్యాస్కెట్ పేస్టు ముక్క అడ్డంపడి కొత్త టర్బోలు పోవడమూ మామూలే. బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి) మూసుకుపోయినా ఆయిల్ కిందికి దిగక సీలు దాటి వస్తుంది. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) విప్పి కడగాలి. బిగించేముందు టర్బోలో ఆయిల్ పోయాలి. ఇవన్నీ చేయని మెకానిక్ ఎన్ని టర్బోలు మార్చినా దండగే.

రేణిగుంట లోడు: కాదబ్బా, ఇంత చేశాక డీపీఎఫ్ సంగతేంది? కాలిన ఆయిల్ బూడిద అందులోనే ఉంటుంది, అది రీజెన్‌కి పోదు. తర్వాత ఇంజెక్టర్లు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇచ్చేసి కొత్తది తీసుకోవడమే.

స్పానర్ సామి: కొత్త బండి రేటు దిగితే పాత బండి రేటూ దిగుతుంది కదా. పైగా కొత్తదాన్నీ అదే టౌన్‌లో అట్లే తిప్పితే అదే జబ్బు. లో-యాష్ ఆయిల్ (కాలితే బూడిద తక్కువ వచ్చేది) వాడి, గడువుకి ముందే మార్చాలి. రీజెన్ దీపం పడితే రేణిగుంట రోడ్డెక్కి పావుగంట ఒకే వేగంతో పోవాలి. ఘాట్ ఎక్కాక రెండు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఆపాలి.

ఆర్టీఓ గేటు: ఇచ్చేదైతే పాత బండి రేటు, ఎక్స్ఛేంజ్ బోనస్, కొత్త దానిమీద డిస్కౌంట్ మూడూ విడివిడిగా రాయించుకోండి. కలిపి చెప్తే మోసం ఎక్కడో తెలీదు. ఫారం 35తో ఆర్సీలో హెచ్‌పీ (ఫైనాన్స్ కంపెనీ పేరు) తీయించండి. బండి పేరు మార్చే ఫారాలు 29, 30 మీద ఖాళీగా సంతకం పెట్టొద్దు, కొనేవాడి పేరు నింపించండి. ఆర్సీలో పేరున్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, యాక్సిడెంటైతే మీ మెడకే. టర్బో సంగతి దాచకండి, స్కానర్ పెడితే ఎలాగూ తెలుస్తుంది.

రేణిగుంట లోడు: సరే, టౌన్‌కి చిన్న సీఎన్జీ బండి కొని, పాతదాన్ని ఘాట్‌కే ఉంచితే? డీపీఎఫ్ గోలే ఉండదు.

స్పానర్ సామి: అది లెక్క. ముందుగా ఒక వారం పాటు ఆ టౌన్ డెలివరీలు అద్దె ఆటోకి ఇచ్చి, ఆయిల్ మార్చి మట్టం గుర్తు పెట్టుకోండి. మట్టం పెరక్కపోతే ఇంజెక్టర్లు కారడం లేదన్నట్టే, టర్బో కొనొచ్చు. పెరిగితే ఇంజెక్టర్ లీకేజీ కావొచ్చు. అప్పుడు రేణిగుంట అన్న మాటే రైటు.

మొగిలి ఘాట్: ఇప్పుడే తీసి చూశా. పై గీత దాటి వేలెడు ఉంది. డీజిల్ వాసనే.