పాట ఆగదు, స్క్రీన్ మాత్రం హ్యాంగ్: కార్డు మార్చాలా, వద్దా?

ఎంవీపీ_కాలనీ:
వైజాగ్‌లో బీచ్ దగ్గరే ఇల్లు, కిటికీ పక్కన డెస్క్‌టాప్, విండోస్ 11. యూట్యూబ్‌లో పాట పెట్టుకుని పని చేసుకుంటుంటే ఉన్నట్టుండి స్క్రీన్ బిగుసుకుపోతుంది, మౌస్ కదలదు, పాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడమే. ద్వారకానగర్‌లో ఒక షాపతను సీపీయూ మూత కూడా తియ్యకుండా "గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నాడు. మా బావ ఫార్మాట్ కొట్టమంటాడు. ఎవరి మాట వినాలి?

గాజువాక_గురు:
షాపతని మాట తీసిపారెయ్యకండి. బీచ్‌కి అంత దగ్గర్లో కిటికీ పక్కన సీపీయూ పెడితే ఉప్పుగాలి, చెమ్మ ఊరుకుంటాయా? కార్డు తీసి పిన్నులు పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగించండి. ఫార్మాట్ శుద్ధ దండగ.

మధురవాడ_కుర్రాడు:
బంగారు పూత ఉన్న పిన్నులకి తుప్పేంటి గురూగారూ? పాట ఆగట్లేదంటే ప్రాసెసర్, ర్యామ్ బతికే ఉన్నాయి, బొమ్మ చూపించే దగ్గరే ఆగింది. ఈసారి హ్యాంగ్ అయితే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, రీసెట్ అవుతుంది. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన తప్పులు రాసుకునే చిట్టా) సిస్టమ్ లాగ్ చూడండి, 4101 అనే ఈవెంట్ నంబరు ఉంటే డ్రైవర్ గోలే. డ్రైవర్ అప్‌డేట్ తర్వాతే మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్‌బ్యాక్ చేసి పాత డ్రైవర్‌కి వెళ్ళిపోండి.

గాజువాక_గురు:
ఆ పూత మరీ పల్చన బాబూ, దాని కింద ఉండేది నికెల్, రాగి. ఇక 4101 సంగతి. విండోస్ కార్డుకి పని అప్పజెప్పి మామూలుగా 2 సెకన్లు చూస్తుంది, ఉలుకూ పలుకూ లేకపోతే డ్రైవర్‌ని రీసెట్ చేసి, అది లేచాక ఆ నంబరు రాస్తుంది. ఎందుకు పలకలేదో అందులో ఉండదు కదా. కార్డు వేడెక్కినా, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నీరసించినా అదే 4101 రావచ్చు. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టీ) ఆ 2 సెకన్ల టైమ్ పెంచమని వీడియోలు చేసేవాళ్ళున్నారు, దానివల్ల ఇంకాసేపు ఎదురుచూస్తుంది, అంతే.

సీతమ్మధార_లినక్స్:
రబ్బరు వద్దండీ, ఉన్న పూత కూడా అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. అసలు గేమ్ ఆడేటప్పుడు అవుతోందా లేదా, అది ఎవరూ అడగలేదేం? విండోస్ బదులు లినక్స్ అనే ఇంకో ఓఎస్‌ని పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి అదే వీడియో వేసి చూడండి, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. అక్కడ డ్రైవర్ వేరు, ఓఎస్ వేరు. అక్కడా హ్యాంగ్ అయితే కార్డు వైపే చూడాలి.

ఎంవీపీ_కాలనీ:
గేమ్ గంటలు గంటలు ఆడినా ఏమీ కాదండీ. బ్రౌజర్‌లో వీడియో నడుస్తుంటేనే.

మధురవాడ_కుర్రాడు:
చూశారా! ఉప్పుగాలికి గేమ్ ఏదో యూట్యూబ్ ఏదో తెలుసా? వేడి, పవర్ సప్లై గొడవైతే ఫుల్ లోడ్ మీద గేమ్‌లోనే ముందు పడిపోవాలి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్, అంటే వీడియో పని కార్డుకి అప్పజెప్పడం, ఆపి చూడండి.

గాజువాక_గురు:
తొందరపడకు. వీడియో డీకోడ్ చేయడానికి, అంటే కుదించిన ఫైల్‌ని బొమ్మలుగా విప్పడానికి, కార్డులో విడిగా ఒక భాగం ఉంటుంది, గేమ్‌కి దానితో పనే ఉండదు. అది చెడినా ఇలాగే ఉంటుంది. యాక్సిలరేషన్ ఆపాక బాగుపడితే డ్రైవరా, చిప్పా అన్నది తేలదు. ఆ పెన్‌డ్రైవ్ పరీక్షా అంతే, చాలాసార్లు అక్కడ బ్రౌజర్ వీడియోని ప్రాసెసర్ మీదే ఆడిస్తుంది. హ్యాంగ్ కాలేదని కార్డుకి క్లీన్ చిట్ ఇవ్వకండి.

సీతమ్మధార_లినక్స్:
అది నిజమే, హ్యాంగ్ అయితేనే ఆ పరీక్షకి విలువ. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే కార్డు పీకేసి, మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టి కొన్నాళ్ళు వాడండి. అప్పుడూ హ్యాంగ్ అయితే కార్డు నిర్దోషి, షాపతనికి ఇవ్వబోయే డబ్బు మిగిలినట్టే. హ్యాంగ్ కాకపోతే కార్డో దాని డ్రైవరో, అప్పుడు పాత డ్రైవర్ వేసి చూడొచ్చు. కొనడం మాత్రం అన్నిటికన్నా చివర.

ఎంవీపీ_కాలనీ:
యాక్సిలరేషన్ ఇప్పుడే ఆపాను. ఆదివారం కార్డు పీకుతాను. మా బావ ఫార్మాట్ పెన్‌డ్రైవ్ పట్టుకుని రెడీగా ఉన్నాడు, పిల్లల ఫొటోలన్నీ సి డ్రైవ్‌లోనే ఉన్నాయి, ముందు ఆయన్ని కంప్యూటర్ దగ్గరికి రానివ్వకుండా చూసుకోవాలి.