చలి రాత్రుల్లో వసతి గృహానికి రావడానికి వెనకాడేవారిని ఎలా ఒప్పించాలి?

హైదరాబాదులో నిరాశ్రయుల రాత్రి వసతి గృహంలో ఈ చలికాలం సేవ చేస్తున్న మా బృందానికి అనుభవజ్ఞుల సలహా కావాలి. 2024లో ముగిసిన కేంద్ర ప్రభుత్వ పథకం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనలు, లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి ఆశ్రయం ఉండాలని చెప్పాయి. అయితే మా దగ్గర పడకలు ఖాళీగా ఉన్న రాత్రుల్లో సైతం, ఉస్మానియా ఆసుపత్రి పరిసరాల్లో కాలిబాటపై పడుకునే రోగుల బంధువులు, వార్డు నుంచి ఏ క్షణాన పిలుపు వస్తుందోనని అక్కడి నుంచి కదలడం లేదు. వారి భయం న్యాయమైనదే. చిత్తుకాగితాలు ఏరుకుని బతికేవారేమో తమ మూటలు పోతాయని రావడం లేదు. దుప్పట్లు పంచి వెనుదిరగడం చాలదని నా అభిప్రాయం, ఎందుకంటే మంచుకు అవి తెల్లవారేసరికి చెమ్మగిల్లుతాయి. ఇటువంటివారిని బలవంతపెట్టకుండా, వారి గౌరవానికి భంగం కలగకుండా మీరు ఎలా ఒప్పించారు? మూటలు భద్రపరచడానికి, వార్డు కబురు సకాలంలో అందించడానికి మీరు అనుసరించిన పద్ధతులు ఉంటే దయచేసి వివరంగా తెలియజేయండి.