వాంతులు, పేగులు, చవక రక్తం... ఇందులో నవ్వేదేంటసలు?

నిమ్మసోడా:
ఇక్కడ అందరూ తెగ పొగుడుతున్నారని పీటర్ జాక్సన్ ఫస్ట్ సినిమా బ్యాడ్ టేస్ట్ (1987) చూశా. గ్రహాంతరవాసులొచ్చి ఊరి జనాన్ని చంపి మాంసం వాళ్ల ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లకి పట్టుకెళ్లాలనుకుంటారు, అంతే కథ. ఒకడు గిన్నెలో కక్కితే మిగతావాళ్లు వరసగా తాగుతారు. ఇంకొకడికి బుర్ర వెనకనుంచి మెదడు జారిపోతుంటే లోపలికి కుక్కుకుని తలకి బెల్టు కట్టుకుంటాడు. ఎవడో అనామకుడు తీసుంటే చెత్త అనేవాళ్లు, తర్వాత లార్డ్ ఆఫ్ ది రింగ్స్ తీశాడు కాబట్టి క్లాసిక్ అయిపోయింది. కాదంటారా?

సెకండ్‌షో సుబ్బు:
కాదనే అంటా. 1988లో కాన్ ఫిలిం ఫెస్టివల్‌లో సినిమాలు అమ్మే మార్కెట్‌లో చూపిస్తే చాలా దేశాల వాళ్లు కొనుక్కున్నారు, అప్పటికి ఆయనెవరో ఎవరికీ తెలీదు. వెల్లింగ్టన్‌లో పేపరాఫీసులో పనిచేసే కుర్రాడు, సెలవురోజుల్లో ఫ్రెండ్సుని పోగేసి ఏళ్ల తరబడి తీశాడు, ఆ ఏలియన్ మాస్కులు వాళ్లమ్మ వంటింటి ఓవెన్‌లో కాల్చినవి, చివర్లో న్యూజిలాండ్ ఫిల్మ్ కమిషన్ డబ్బులిస్తే గానీ పూర్తవలేదు. కొండ అంచు సీన్ గుర్తుందా, గడ్డం ఉన్నోడిని గడ్డం లేనోడు చిత్రహింస పెట్టేది? ఇద్దరి వేషాలూ జాక్సనే వేశాడు. నాకు నవ్వొచ్చేది రక్తం చూసి కాదు, ఆ అతుకులు చూసి. అదే పేగు ఖరీదైన గ్రాఫిక్స్‌లో చూపిస్తే కడుపులో తిప్పుద్ది. ఇక్కడ అది రబ్బరని నాకు తెలుసు, నాకు తెలుసని తీసినోడికీ తెలుసు.

కడప_కుర్రాడు:
సుబ్బన్నా కరెక్ట్. మా ఊరి నాటకంలో రాక్షసుడి మీసం ఊడొచ్చినా వాడు పద్యం ఆపకుంటే జనం ఈలలేస్తారు చూడు, అట్లా.

పుల్లట్టు:
ఓవెన్ కథ బాగుంది గానీ అది మేకింగ్ కథ, సినిమా కాదుగా. అదేదీ తెలీకుండా చూసేవాళ్ల సంగతేంటి? పైగా ఈ బాపతు సినిమాలన్నీ కష్టపడి తీసినవేం కాదు. ట్రోమా అనే అమెరికా చవక సినిమాల కంపెనీ వాళ్లని చూడండి, టాక్సిక్ అవెంజర్ (1984) దగ్గర్నుంచీ చెత్తగా ఉండటమే వాళ్ల బ్రాండ్. అందులో సైకిల్ మీదెళ్లే పిల్లాడి తలమీంచి కారు పోనిచ్చి నవ్వుతారు. ఆడవాళ్ల మీద జోకులైతే చెప్పక్కర్లేదు. ఇవన్నీ డబ్బుల్లేక పెట్టినవా?

సెకండ్‌షో సుబ్బు:
ట్రోమా విషయంలో సగం నీ వైపే. తెలీనివాళ్ల సంగతంటావా, జాక్సన్‌దే బ్రెయిన్‌డెడ్ (1992) తీసుకో. హీరో తల్లిని ఓ దిక్కుమాలిన ఎలక-కోతి కరుస్తుంది, ఆవిడ ఒళ్లు కుళ్లిపోతుంటే ఇంటికి పెద్దమనుషులు భోజనానికొస్తారు. పుండులోంచి చిమ్మింది ఎదుటాయన కస్టర్డ్‌లో పడుద్ది, ఆయన లొట్టలేసుకుంటూ తింటాడు. తర్వాత ఆవిడ చెవే ఊడి ఆవిడ గిన్నెలో పడితే స్పూన్‌తో తీసి నమిలేస్తుంది. జోకు చెవిది కాదు, నలుగురిలో పరువు పోకూడదని కొడుకు పడే యాతనది. అది మనకి తెలీని బాధా? దీనికి మేకింగ్ కథేం తెలియక్కర్లేదు.

నిమ్మసోడా:
చెవి సీన్ బాగుంది, సరే. కానీ బ్రెయిన్‌డెడ్ మొదట్నుంచీ ఫిల్మ్ కమిషన్ డబ్బుతో పద్ధతిగా తీసింది కదా? అంటే నవ్వుకీ పేదరికానికీ సంబంధం లేదన్నట్టేగా. నీ మొదటి పాయింట్ నువ్వే కొట్టేసుకున్నావ్ బ్రో 😂

కడప_కుర్రాడు:
మనోళ్లు ఆ దారికే పోరు. జాంబీ రెడ్డి (2021) కర్నూలు ఫ్యాక్షన్‌లోకి జాంబీల్ని దింపింది, ఐడియా అదుర్స్, కానీ రక్తం దగ్గర మొహమాటపడినారు. ప్రేమకథా చిత్రమ్ (2013) అయితే దెయ్యం చెంపలు వాయించడమే కామెడీ. మాస్ హీరో వందమందిని నరికితే ఫ్యామిలీతో చూస్తాం, అదే రక్తానికి నవ్వితే మాత్రం ఛీ అంటాం!

సెకండ్‌షో సుబ్బు:
కొట్టేసుకోలేదు నిమ్మసోడా. డబ్బొచ్చినా రబ్బరు పేగులు, సిరప్ రక్తం వదల్లేదు, చేతిపని తెలుస్తూనే ఉంది, నేనన్నది అదే. ఈవిల్ డెడ్ 2 (1987) పెట్టుకో ఓసారి. హీరో చెయ్యి వాడిమీదే తిరగబడి ప్లేట్లు తీసుకుని వాడి తలకేసి పగలగొడుద్ది. దానికీ నవ్వు రాకపోతే నీకు ఈ సరుకు పడదు, గొడవే లేదు.

పుల్లట్టు:
ప్లేట్లకి నేనూ నవ్వా. పిల్లాడి తలకి నవ్వను. రెండింటినీ ఒకే అరలో ఎందుకు పెడుతున్నారన్నదానికి నువ్వింకా జవాబు చెప్పలేదు సుబ్బూ.