లామినేట్ తలుపును అడ్డంగా కోసి అర తలుపు చేయాలి, పెచ్చులు లేవకుండా ఎలా?

ప్రశ్న: 35 మి.మీ. ఫ్లష్ డోర్ (చదునైన తలుపు), రెండు వైపులా 1 మి.మీ. లామినేట్. పై సగం, కింది సగం విడివిడిగా తెరుచుకోవాలి. తుక్కు ముక్క మీద సర్క్యులర్ సాతో (గుండ్రటి బ్లేడు తిరిగే రంపం) కోస్తే కింది ముఖం శుభ్రంగా వచ్చింది, పైముఖం మాత్రం పెచ్చులు లేచింది. రెండు ముఖాలూ కనిపించేవే. జిగ్‌సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపం) వాడితే నయమా?

జవాబు 1: జిగ్‌సా వద్దు. అంత మందంలో బ్లేడు వంగి, కోత కింద పక్కకు పోతుంది.

సర్క్యులర్ సా పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి. పైకి వచ్చేచోట లామినేట్‌కు ఆనుడు ఉండదు, అందుకే విరుగుతుంది. మామూలుగా గీతకు ఒక పక్క ముక్క వృథా కాబట్టి కత్తితో ఒక గాటు పెడితే సరిపోతుంది. మీకు రెండు ముక్కలూ కావాలి, అంటే కోతకు రెండు అంచులూ బాగుండాలి. ఒక్క గాటు ఒక అంచునే కాపాడుతుంది.

కాబట్టి రెండు విడతల్లో కోయండి. రంపం ఆనుకుని నడిచేలా తిన్నని పట్టీని రెండు చివరలా క్లాంప్‌తో బిగించి, 60 పళ్ల లామినేట్ బ్లేడుతో ముందు 2 మి.మీ. లోతే కోయండి. పట్టీని కదపకుండా, రెండోసారి బ్లేడు తలుపు కింద 5 మి.మీ. మాత్రమే పొడుచుకొచ్చేలా పెట్టి పూర్తిగా కోయండి. రెండు భాగాలకూ కింద ఆనుడు ఉండాలి. లేకపోతే చివర్లో ముక్క జారి మూల చిట్లుతుంది. బ్లేడు బిగుసుకుంటే రంపం వెనక్కి తన్నుతుంది కూడా.

జవాబు 2: కోసేముందు తట్టి చూడండి. బోలుగా మోగితే లోపల అట్ట జాలీ ఉంటుంది. అప్పుడు కోసిన రెండు అంచుల్లోనూ 30 మి.మీ. లోతున జాలీ తీసి, ఖాళీకి సరిపడే చెక్క రీపర్ జిగురుతో దూర్చి క్లాంప్ చేయాలి. రీపర్ మందం ఎక్కువైతే పైపొర ఉబ్బుతుంది.

కోత తాళం గాడి మీదుగా పోకూడదు. కబ్జాలు ఒక్కో భాగానికి రెండు, మొత్తం నాలుగు. మూడే ఉంటే నాలుగోది కొనాలి, మధ్యదాన్ని సాధారణంగా జరపాల్సి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: తట్టి చూశాను, లోపల గట్టి చెక్కే. కోసిన అంచును కప్పేలా పట్టీ అతికించవచ్చా?

జవాబు 2: అతికించాలి, లేకపోతే తేమ పీలుస్తుంది. కానీ లెక్క చూసుకోండి. బ్లేడు 2.5 మి.మీ. తింటుంది, మధ్య సందు 3 మి.మీ. కావాలి. 1 మి.మీ. పట్టీ రెండు వైపులా వేస్తే సందు అర మి.మీ. మిగులుతుంది. ముందే ఒక భాగం నుంచి ఇంకో 2.5 మి.మీ. తీసేయండి. ఆ కోత కూడా రెండు విడతల్లోనే.